ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్: రెండు మాటలు, ఒకే మంట

ఇంగ్లిష్‌లో ఫ్లేమబుల్ అన్నా ఇన్‌ఫ్లేమబుల్ అన్నా అర్థం ఒక్కటే: తేలిగ్గా నిప్పంటుకుని మండేది. రెండో మాట మొదట్లో ఉన్న ‘ఇన్’ను చూసి అది మండనిదని అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి మండనిదానికి ఇంగ్లిష్‌లో వాడే మాట నాన్‌ఫ్లేమబుల్. మాటల విషయంలో ఇలాంటి పొరపాటు పరీక్షలో జరిగితే ఒక మార్కు పోతుంది, సభలో జరిగితే కాస్త పరువు పోతుంది. ఈ జంట సంగతి అలా కాదు. ఇది పెట్రోలు ట్యాంకర్ల వెనక, రసాయనాల పీపాల మీద, శానిటైజర్ సీసాల మీద కనిపించే జంట. తప్పుగా చదివినవాడు అగ్గిపుల్ల గీసే ప్రమాదం ఉంది. అందుకే అగ్నిమాపక నిపుణులు, బీమా కంపెనీలు, చట్టాలు రాసేవాళ్లు, శైలీ పండితులు సుమారు వందేళ్లుగా దీనిమీద వాదులాడుకుంటూ వచ్చారు. చాలా దేశాల్లో ఆ వాదన ముగిసింది. భారతదేశంలో రెండు మాటలూ పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి.

అపార్థానికి మూలం లాటిన్‌లో ఉంది. ఆ భాషలో ‘ఇన్’ అనే ఉపసర్గలు రెండు. చూపుకు ఒకటే, పుట్టుకలు వేరు. ఒకటి ‘లోపల, లోపలికి, మీదికి’ అనే అర్థాన్నిచ్చేది. ఇంగ్లిష్‌లో రోజూ వాడే ‘ఇన్’కు చుట్టం. రెండోది ‘కాదు, లేదు’ అని చెప్పేది. అధర్మం, అనర్హత వంటి మాటల ముందు వచ్చే సంస్కృత నఞ్‌కు ఇది తోబుట్టువు. ఇన్‌ఫ్లేమబుల్‌లో ఉన్నది మొదటిది. లాటిన్‌లో ‘ఫ్లమ్మా’ అంటే మంట, ‘ఇన్‌ఫ్లమ్మారే’ అంటే నిప్పంటించడం. ఆ క్రియ నుంచి పుట్టిన విశేషణం 17వ శతాబ్దం మొదట్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. రగిలించడాన్ని చెప్పే ఇన్‌ఫ్లేమ్, వైద్యులు చెప్పే ఇన్‌ఫ్లమేషన్, పోలీసు కేసుల్లో రెచ్చగొట్టే ప్రసంగాలకు వాడే ఇన్‌ఫ్లమేటరీ, అన్నీ ఒకే ఇంటివి. ఇన్‌ఫ్లమేటరీ ప్రసంగం అంటే చల్లార్చే ప్రసంగమని ఎవరూ పొరబడరు. ఇన్‌ఫ్లేమబుల్ దగ్గరే తడబాటు.

ఆ రెండు ‘ఇన్’లనూ రూపాన్ని బట్టి విడదీసే ఉపాయం లేదు. తర్వాతి అక్షరాన్ని బట్టి రెండూ ఒకే రకంగా మారతాయి. ఇంపోర్ట్‌లో సరుకు లోపలికి వస్తుంది, ఇంపాసిబుల్‌లో సాధ్యం కాదు. ఇల్యూమినేట్‌లో వెలుగు మీద పడుతుంది, ఇల్లీగల్‌లో చట్టబద్ధత ఉండదు. తెలుగువారికి ఇలాంటిది కొత్త కాదు. సంస్కృతం నుంచి వచ్చిన ‘వి’ అనే ఉపసర్గ విఖ్యాతిలో ఖ్యాతిని పెంచుతుంది, విమలంలో మలినాన్ని తీసేస్తుంది. విఖ్యాతుడంటే పేరు లేనివాడని తెలుగు పాఠకుడు అనుకోడు. చిన్నప్పటి నుంచీ మాటను మాటగానే విన్నాడు కాబట్టి. కాకపోతే ‘వి’ ఒకే ఉపసర్గ, దానికి అర్థాలు రెండు. లాటిన్ ‘ఇన్’ల విషయంలో ఉపసర్గలే రెండు.

ఇన్‌ఫ్లేమబుల్‌ను తప్పుగా చదివేవాళ్లను చదువు లేనివాళ్లుగా జమకట్టడం న్యాయం కాదు. ఇంగ్లిష్‌లో ‘బుల్’తో ముగిసే విశేషణాల ముందు ‘ఇన్’ చేరితే దాదాపు ఎప్పుడూ అది వ్యతిరేకమే. ఇన్‌క్యూరబుల్ నయం కానిది, ఇన్‌విజిబుల్ కనిపించనిది, ఇన్‌ఆడిబుల్ వినిపించనిది, ఇన్‌కేపబుల్ చేతకానిది. ఇన్ని ఉదాహరణలు చూసిన మనసు ఇన్‌ఫ్లేమబుల్‌ను మండనిదిగా లెక్క కడితే అది నియమాన్ని పాటించినట్టే తప్ప తప్పినట్టు కాదు. నియమానికి లొంగనిది ఆ మాటే.

దీనికి దాయాదుల్లాంటి మాటలు ఇంకొన్ని ఉన్నాయి. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, విలువ కట్టలేనంత గొప్పది. ఇక్కడ ‘ఇన్’ నిజంగా వ్యతిరేకమే. కాని అది విలువను కాదనడం లేదు, విలువ కట్టడాన్ని కాదంటోంది. తెలుగులో అమూల్యం సరిగ్గా ఇదే పని చేస్తుంది. విష్ణు సహస్రనామాల్లో ఒకటైన ‘అనుత్తమ’ కూడా ఇలాంటిదే: ఉత్తముడు కానివాడని కాదు, అంతకన్నా ఉత్తముడు లేనివాడని. హాబిటబుల్, ఇన్‌హాబిటబుల్ జంట మరీ విచిత్రం. నేటి ఇంగ్లిష్‌లో రెండూ నివాసయోగ్యమనే చెబుతాయి; వ్యతిరేకం కావాలంటే ముందు ‘అన్’ చేర్చాలి. ఫ్రెంచిలో అవే అక్షరాలున్న మాటకు అర్థం నివాసానికి పనికిరానిదని. 16వ శతాబ్దపు ఇంగ్లిష్‌లోనూ ఆ మాట ఫ్రెంచి అర్థంలోనే వాడుకలో ఉండేది. అంటే రెండు ‘ఇన్’ల కలగాపులగం ఇంగ్లిష్‌కు మొదటి నుంచీ ఉన్నదే. ఈ దాయాదులెవరూ లారీల మీదికి ఎక్కలేదు కాబట్టి వాటి గురించి ఎవరూ తీర్మానాలు చేయలేదు, అంతే.

ఇన్‌ఫ్లేమబుల్ మాత్రం మూడు వందల ఏళ్లు నిక్షేపంగా బతికింది. 1766లో హెన్రీ కావెండిష్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో, లోహాల మీద ఆమ్లం పోస్తే వెలువడే తేలికైన వాయువును ‘ఇన్‌ఫ్లేమబుల్ ఎయిర్’ అన్నాడు. అదే నేటి హైడ్రోజన్. ఆ పేరు తర్వాత లావోజియే పెట్టినది. 1783లో పారిస్‌లో జాక్ షార్ల్ ఎగరేసిన బెలూన్‌లో నింపింది కూడా ఈ మండే గాలినే. ఆనాటి శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమందికి లాటిన్ వచ్చు. ఇన్‌ఫ్లేమబుల్‌లోని ‘ఇన్’ గురించి వాళ్లకు సందేహం రావలసిన పని లేదు. ఆ వాయువు బుద్ధి ఎలాంటిదో 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో హిండెన్‌బర్గ్ ఆకాశనౌక కాలిపోయి 36 మంది చనిపోయినప్పుడు ప్రపంచమంతా చూసింది. దాంట్లో మండని హీలియం నింపి ఉంటే కథ వేరుగా ఉండేది. అమెరికా హీలియాన్ని బయటి దేశాలకు అమ్మలేదు. ఆ హీలియం చరిత్ర మొదలైన చోట్లలో గుంటూరు ఒకటి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అక్కడి నుంచే వర్ణపటదర్శినితో పరిశీలించాడు.

ఫ్లేమబుల్ వయసులో చిన్నది. 1813లో లుక్రీషియస్ లాటిన్ కావ్యానికి థామస్ బస్బీ చేసిన ఇంగ్లిష్ అనువాదంలో అది కనిపిస్తుంది. లాటిన్‌లో ‘ఇన్’ లేని క్రియ కూడా ఉంది కాబట్టి మాట నిర్మాణంలో తప్పేమీ లేదు. అయినా వందేళ్లకు పైగా దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. పారిశ్రామిక అవసరం వచ్చాకే దానికి అదృష్టం పట్టింది. 20వ శతాబ్దం మొదట్లో మోటారు వాహనాలు, పెట్రోలు బంకులు, రసాయన గోదాములు పెరిగాయి. సరుకు మోసేవాళ్లలో, పీపాలు దొర్లించేవాళ్లలో లాటిన్ వచ్చినవాళ్లు ఎవరు? 1920లలో అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఇన్‌ఫ్లేమబుల్‌ను వదిలి ఫ్లేమబుల్ వాడాలని కోరింది. ఒక భాషలోని పాత మాటను పక్కనపెట్టి కొత్త మాటను నిలబెట్టమని నిప్పు ఆర్పేవాళ్లు అడగడం, అడిగినట్టే జరగడం భాషల చరిత్రలో అరుదు.

మాటకూ మంటకూ ఉన్న సంబంధాన్ని ఆ కాలంలోనే మరొకరు ఇంకా లోతుగా చూశారు. భాషాశాస్త్రంలో పేరు పొందిన బెంజమిన్ లీ వోర్ఫ్ ఉద్యోగరీత్యా హార్ట్‌ఫర్డ్ ఫైర్ ఇన్సూరెన్స్ కంపెనీలో అగ్నిప్రమాదాల నివారణ ఇంజనీరు. ప్రమాదాల నివేదికలు చదివీ చదివీ ఆయన ఒక విషయం గమనించాడు. పెట్రోలుతో నిండిన పీపాల దగ్గర కార్మికులు ఎంతో జాగ్రత్తగా ఉంటారు. ‘ఖాళీ’ పీపాలు పెట్టిన చోట పొగతాగుతారు, పీకలు విసురుతారు. నిజానికి ఖాళీవే ఎక్కువ ప్రమాదం. నిండు పీపాలో ద్రవం పైన ఉన్న కాస్త జాగాలో పెట్రోలు ఆవిరి చిక్కగా ఉంటుంది, మండడానికి కావలసిన గాలి దొరకదు. పీపా ఖాళీ చేస్తే గాలి లోపలికి వెళుతుంది. అడుగున మిగిలిన చెమ్మ ఆవిరై ఆ గాలితో కలిసి పేలుడు మిశ్రమం అవుతుంది. పీపాలో ద్రవం లేదని చెప్పే మాట ప్రమాదం కూడా లేదని చెప్పినట్టు వినబడుతుంది. ఈ పరిశీలనతో మొదలయ్యే ఆయన వ్యాసం 1941లో అచ్చయింది. ఖాళీ ట్యాంకరుకు వెల్డింగ్ చేస్తుండగా పేలుడు అనే వార్త తెలుగు పత్రికల్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. ఆ దుర్ఘటనల్లో ఇన్‌ఫ్లేమబుల్ అనే మాట తప్పేమీ లేదు, ఖాళీ అనే మాటదే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్లేమబుల్ చట్టాల్లోకి ఎక్కింది. 1940లలో అమెరికాలో కౌబాయ్ వేషాల దుస్తులు, ఆ తర్వాత నూగు లేచిన రేయాన్ స్వెట్టర్లు భగ్గున అంటుకుని పిల్లలూ పెద్దలూ కాలిపోయిన సంఘటనలు జరిగాయి. ఫలితంగా 1953లో వచ్చిన చట్టం పేరు ఫ్లేమబుల్ ఫ్యాబ్రిక్స్ యాక్ట్. 1959లో బ్రిటిష్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ కూడా సందిగ్ధతకు తావు లేకుండా ఫ్లేమబుల్, నాన్‌ఫ్లేమబుల్ అనే మాటలనే ప్రోత్సహిస్తామని ప్రకటించింది. అదే ఏడాది ఇ.బి. వైట్ తన గురువు స్ట్రంక్ పాఠాలను పెంచి ప్రచురించిన ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’ పుస్తకం దీనికి ఎదురుగా నిలబడింది. పెట్రోలు లారీ నడిపేవాళ్లు, పిల్లల గురించి, చదువు రానివాళ్ల గురించి దిగులు పడవలసినవాళ్లు ఫ్లేమబుల్ వాడుకోవచ్చనీ, మిగతావాళ్లు ఇన్‌ఫ్లేమబుల్ అనే రాయాలనీ దాని సలహా. చమత్కారం బాగుంది, సలహా బాగాలేదు. ఒకే పదార్థానికి పుస్తకంలో ఒక మాట, లారీ మీద ఇంకో మాట ఉంటే పుస్తకం చదివి లారీ దగ్గరికి వచ్చినవాడు, ఇవి రెండు వేరువేరు సంగతులేమో అనుకుంటాడు. పాఠకులు వైట్ మాట వినలేదు. గడిచిన అర్ధ శతాబ్దంలో అమెరికన్, బ్రిటిష్ వాడుకల్లో లేబుళ్ల మీదా, సాంకేతిక రచనల్లోనూ ఫ్లేమబుల్‌దే పైచేయి. ఇన్‌ఫ్లేమబుల్‌కు అక్కడ మిగిలింది ఎక్కువగా ఉపమానాల చోటు. మండిపడే స్వభావానికో, ఎప్పుడు రగులుతుందో తెలియని రాజకీయ పరిస్థితికో ఆ మాట వాడతారు. అక్కడ ఫ్లేమబుల్ అతకదు. రెండింటి మధ్య ఏదైనా తేడా ఉందని చెప్పవలసి వస్తే అది ఇదొక్కటే, అదీ అర్థంలో కాదు, వాడే చోటులో.

అంతర్జాతీయ నియమాల్లోనూ ఫ్లేమబులే స్థిరపడింది. ప్రమాదకర సరుకుల రవాణాకు ఐక్యరాజ్యసమితి రూపొందించిన వర్గీకరణలో మండే వాయువులు 2.1, మండే ద్రవాలు 3, మండే ఘన పదార్థాలు 4.1, ఇంగ్లిష్ ప్రతిలో మూడింటికీ ఫ్లేమబుల్ అనే వాడతారు. అదే పత్రం ఫ్రెంచి ప్రతిలో ఉండే మాట ఇన్‌ఫ్లమాబ్ల్. ఫ్రెంచివాళ్లకు దాంట్లో ఇబ్బంది లేదు. మండనిదని చెప్పాలంటే దానికి ముందు ఇంకో ‘ఇన్’ తగిలిస్తారు. స్పానిష్‌లోనూ ‘ఇన్’ ఉన్న రూపమే. ఈ భాషల్లో ‘ఇన్’ లేని పోటీ మాట బలంగా లేదు. ఇంగ్లిష్‌లో గందరగోళాన్ని పెంచింది పాత మాట మాత్రమే కాదు, దాన్ని సరిదిద్దడానికి వచ్చిన కొత్త మాట కూడా. రెండూ కనబడితేనే కదా తేడా ఏమిటన్న ప్రశ్న పుట్టేది.

భారతదేశపు చట్టాల భాష ఎక్కువగా బ్రిటిష్ కాలం నాటిది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 285వ సెక్షన్ నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి శిక్ష చెబుతూ కంబస్టిబుల్ అనే మూడో మాట వాడింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్‌లోనూ అదే మాట. పెట్రోలియం చట్టం 1934 నాటిది. దాని పరిధిని మరికొన్ని పదార్థాలకు విస్తరిస్తూ 1952లో పార్లమెంటు చేసిన చట్టం పేరు ఇన్‌ఫ్లేమబుల్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్. అమెరికా తన చట్టానికి ఫ్లేమబుల్ అని పేరు పెట్టడానికి సరిగ్గా ఏడాది ముందు సంగతి ఇది. ఆ చట్టం ప్రమాదకరమని పేర్కొన్న వాటిలో ఎసిటోన్, ఆల్కహాల్, కాల్షియం కార్బైడ్, నైట్రోసెల్యులోజ్ సినిమా ఫిల్మ్ ఉన్నాయి. చివరి రెండింటి గురించి కొంచెం చెప్పుకోవాలి. మామిడికాయలను మాగబెట్టడానికి దొంగచాటుగా వాడే, ఆహార భద్రత నిబంధనలు నిషేధించిన కార్బైడ్ ఇదే. ఆ రాయి తనంతట తాను మండదు, నీళ్లు తగిలితే ఎసిటిలీన్ వాయువును వదులుతుంది, మండేది ఆ వాయువు. సినిమా ఫిల్మ్ దీనికి భిన్నం. తనకు కావలసిన ఆక్సిజన్‌ను తనలోనే ఉంచుకుంటుంది కాబట్టి ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. తొలి తెలుగు టాకీల తరం చిత్రాలన్నీ ఆ ఫిల్మ్ మీదివే. 2003 జనవరిలో పుణేలో జరిగిన అగ్నిప్రమాదంలో భారతీయ సినిమా తొలినాళ్ల నైట్రేట్ ప్రతులు ఎన్నో బూడిదయ్యాయి.

పెట్రోలు ట్యాంకర్ల వెనక ఎర్రటి అక్షరాల్లో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాయడం ఈ దేశంలో ఇంకా మామూలే. చాలాచోట్ల పక్కనే హిందీలో ‘అతి జ్వలన్‌శీల్’ అని ఉంటుంది. హిందీ మాటలో సందిగ్ధత లేదు, కాబట్టి రెండూ చదవగలిగినవాడికి ఇంగ్లిష్ ‘ఇన్’ వల్ల వచ్చే ముప్పు తక్కువ. అదే ట్యాంకరు మీద మంట బొమ్మ ఉన్న ఎర్ర డైమండ్ గుర్తు, ఐక్యరాజ్యసమితి ఇచ్చిన అంకె కూడా ఉంటాయి. పెట్రోలుకు 1203, వంటగ్యాసుకు 1075. ప్రమాదం జరిగిన చోటికి వచ్చే అగ్నిమాపక సిబ్బంది చూసేది ఆ అంకెనే.

బడి పుస్తకాలు కూడా పాత మాటకే కట్టుబడ్డాయి. ఎన్‌సీఈఆర్‌టీ 8వ తరగతి సైన్స్ పుస్తకంలో ఏళ్ల తరబడి బోధించిన దహనం, జ్వాల పాఠం పెట్రోలు, ఆల్కహాల్, వంటగ్యాసులను ఇన్‌ఫ్లేమబుల్ పదార్థాలంటుంది. జ్వలన ఉష్ణోగ్రత బాగా తక్కువగా ఉండి, మంట తగిలితే తేలిగ్గా అంటుకునేవి అని నిర్వచనం చెబుతుంది. పిల్లలకు తొలి పరిచయంగా ఫరవాలేదు, కాని ఆ నిర్వచనంలో ఒక మెలిక ఉంది. నిప్పురవ్వ లేకుండా తనంతట తాను అంటుకునే ఉష్ణోగ్రత పెట్రోలుకు సుమారు 280 డిగ్రీల సెల్సియస్, డీజిల్‌కు అంతకన్నా తక్కువ, 210 నుంచి 250 దాకా. ఈ లెక్కన డీజిలే ఎక్కువ ప్రమాదకరం కావాలి. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ లేకుండానే, గాలిని నొక్కి వేడెక్కించి ఇంధనాన్ని మండించగలగడానికి కారణం కూడా ఇదే. అయినా అగ్గిపుల్ల పడేస్తే ముందు భగ్గుమనేది పెట్రోలే.

ఎందుకంటే మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. ఒక ద్రవం పైన గాలిలో నిప్పందుకోవడానికి చాలినంత ఆవిరి పేరుకునే కనీస ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. ఫ్లేమబుల్ అనే మాటకు చట్టాలు, ప్రమాణాలు ఇచ్చే అర్థం ఈ కొలత మీదే ఆధారపడుతుంది. పెట్రోలు ఫ్లాష్ పాయింట్ సుమారు మైనస్ 40 డిగ్రీలు, ఎసిటోన్‌ది మైనస్ 20, 70 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్‌ది సుమారు 17. తెలుగునాట ఏ గదిలోనైనా ఏడాదిలో చాలా రోజులు అంతకన్నా వేడిగానే ఉంటుంది. శానిటైజర్ రాసుకున్న చేతులతో వెంటనే పొయ్యి వెలిగించవద్దనడం అందుకే. ఆవిరి గాలిలో ఎంత పాళ్లలో ఉందన్నది కూడా లెక్కే. పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే మండుతుంది. హైడ్రోజన్‌కు ఆ పరిధి 4 నుంచి 75 దాకా. కావెండిష్ పెట్టిన పేరు ఎంత సరైనదో ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

భారత పెట్రోలియం నిబంధనలు ద్రవాలను మూడు తరగతులు చేశాయి. ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల లోపు ఉంటే ఎ, 23 నుంచి 65 లోపు బి, 65 నుంచి 93 లోపు సి. పెట్రోలు మొదటి తరగతి. కిరోసిన్, డీజిల్ రెండోది. కిరోసిన్‌కు భారతీయ ప్రమాణం కోరే కనీస ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం నీడలోనే 45 దాటుతుంది. చల్లని దేశంలో నిప్పురవ్వకు లొంగని కిరోసిన్ అక్కడ పెట్రోలు బుద్ధులు నేర్చుకుంటుంది. తరగతి పట్టికలో మారదు గాని ప్రవర్తన మారుతుంది.

కంబస్టిబుల్ అనే మూడో మాటకు నిజమైన తేడా ఉన్నది ఇక్కడే. విస్తృతార్థంలో అది కాలగలిగే దేనికైనా వర్తిస్తుంది: కట్టె, బొగ్గు, కాగితం, వడ్ల ఊక. ఫ్లేమబుల్ అంటే కాలడమే కాక తేలిగ్గా, వెంటనే అంటుకునేది. ఫ్లేమబుల్ అయినదల్లా కంబస్టిబులే. కంబస్టిబుల్ అయినదల్లా ఫ్లేమబుల్ కాదు. ద్రవాల విషయంలో రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదానిమీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. అమెరికా అగ్నిమాపక ప్రమాణాల్లో చాలాకాలం ఆ గీత 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 37.8 సెల్సియస్ దగ్గర ఉండేది. ఆ దేశపు రవాణా నియమాల్లో 60 సెల్సియస్. రసాయనాల లేబుళ్లను ప్రపంచమంతటా ఒకే తీరుకు తేవడానికి ఐక్యరాజ్యసమితి 2003లో ప్రచురించిన వ్యవస్థ దీన్ని నాలుగు మెట్లు చేసింది. ఫ్లాష్ పాయింట్ 23 లోపు ఉండి, 35 డిగ్రీలకే మరగడం మొదలైతే ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫ్లేమబుల్’. 23 లోపే ఉన్నా మరగడం ఆలస్యమైతే ‘హైలీ ఫ్లేమబుల్’. 23 నుంచి 60 దాకా వట్టి ‘ఫ్లేమబుల్’. 60 దాటి 93 దాకా ‘కంబస్టిబుల్’. ఈ పట్టిక ప్రకారం పెట్రోలు మామూలుగా మొదటి మెట్టు మీద ఉంటుంది. ట్యాంకరు మీద ‘హైలీ’ అని ఉండడం ఆ లెక్కన కాస్త తగ్గించి చెప్పడమే. ధూళి విషయంలో మాత్రం కంబస్టిబుల్ అనే మాటనే వాడతారు. పంచదార కుప్పగా ఉంటే నింపాదిగా కాలుతుంది, గాలిలో దుమ్ముగా లేస్తే పేలుతుంది. 2008లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక చక్కెర శుద్ధి కర్మాగారంలో అలాంటి ధూళి పేలి 14 మంది చనిపోయారు. కంబస్టిబుల్ అన్నంత మాత్రాన ప్రమాదం తక్కువని తీసిపారేయడానికి వీల్లేదు.

ఈ మాటలు తెలుగులోకి వచ్చేసరికి ఒక సౌలభ్యం ఉంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో కంబస్టిబుల్‌కు దహనశీల అనే మాట కుదురుకుంది. ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్ రెండింటికీ కలిపి జ్వలనశీల అనవచ్చు, లేదా తేలిగ్గా నిప్పంటుకునేది అనవచ్చు. పుస్తకానికి మొదటిది, లేబులుకు రెండోది నప్పుతాయి. ‘మండే స్వభావం గల పదార్థములు’ అని సర్కారీ బోర్డుల్లో కనిపించేది తప్పు కాదు, బరువు ఎక్కువ. అసలు ప్రమాదం అనువాదకుడు ‘ఇన్’ను చూసి అదహ్యం అనో, మండనిది అనో రాసినప్పుడు. మూలంలో ఇన్‌ఫ్లేమబుల్ అని ఉంటే తెలుగులో ఎక్కడా ‘అ’ గాని ‘ని’ గాని చేరకూడదు. నాన్ అని ఉంటేనే వ్యతిరేకం. నాన్ తర్వాత ఇన్‌ఫ్లేమబుల్ వచ్చినా అంతే, ఒక్క వ్యతిరేకమే తప్ప రెండు కాదు. ఇక ‘ఫ్లేమ్ రిటార్డెంట్’ అని ఉన్న తెర గుడ్డో, తీగ తొడుగో మండనిది కాదు. మంట పాకడాన్ని ఆలస్యం చేసేది మాత్రమే. దాన్ని కూడా మండనిదిగా రాస్తే మరో కొత్త తప్పు.

నాన్‌ఫ్లేమబుల్ అనే మాట కూడా పూర్తి అభయం ఇచ్చేది కాదు. గుంటూరు మిర్చి శీతల గిడ్డంగుల్లో చల్లదనం కోసం వాడే అమోనియాను అమెరికా తన దేశీయ రవాణాలో నాన్‌ఫ్లేమబుల్ గ్యాస్ లేబులుతో పంపడానికి అనుమతిస్తుంది. మూసిన గదిలో బాగా పోగైతే ఆ వాయువు మండుతుంది, పేలుతుంది కూడా. ఆ లేబులులోని మాట చట్టం గీసిన గీతను చెబుతోంది, రసాయన స్వభావాన్ని మొత్తంగా చెప్పడం లేదు. ఆక్సిజన్ సంగతి ఇంకా తేడా. అది నిజంగానే మండదు; అందుకే సిలిండరు మీద మండని వాయువులకు పెట్టే ఆకుపచ్చ డైమండ్ గుర్తు ఉంటుంది. కాని అది ఎక్కువైన చోట మామూలు గుడ్డ, జుట్టు, గ్రీజు మరక కూడా పెట్రోలులా అంటుకుంటాయి. అందుకని దాని పక్కన పసుపు రంగు గుర్తు రెండోది ఉండాలని నియమం. ఇంగ్లిష్‌లో దాని మీది మాట ఆక్సిడైజర్, తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆక్సీకరణి. సిలిండరు మోసేవాడికి ఆ మాటతో పని జరగదు. ‘తాను మండదు, మంటను పెంచుతుంది’ అని రాస్తే రెండు గుర్తుల అర్థమూ అందులోకి వచ్చేస్తుంది.